ఎంబీబీఎస్ ప్రవేశాలు: సీటు ఖరారయ్యే తీరు

భారతదేశంలో దాదాపు ఏ కళాశాలలోనూ ఎంబీబీఎస్ సీటు ఎవరికి దక్కాలో ఎంపిక సంఘం కూర్చుని తేల్చదు. ఇంటర్వ్యూ ఉండదు, సిఫారసు లేఖ అడగరు. దేశవ్యాప్త ప్రవేశ పరీక్ష నీట్‌లో ర్యాంకు, విద్యార్థి చదువుకున్న ప్రాంతం, సామాజిక వర్గం, వెబ్ ఆప్షన్ల వరుస అనే నాలుగు అంశాలను కలిపి కంప్యూటరు చేసే కేటాయింపే తుది నిర్ణయం. సీటు వచ్చినా, చేజారినా దానికి వెతికితే దొరికే కారణం ఒకటి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో అసలు చిక్కు ర్యాంకు దగ్గర తక్కువ, ప్రాంతం, వర్గం లెక్కల దగ్గరే ఎక్కువ. దాదాపు ఒకే ర్యాంకు వచ్చిన ఇద్దరిలో ఒకరు ఉస్మానియా వైద్య కళాశాలలో చేరడం, మరొకరు లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు తిరిగి వెళ్లడం ఏటా జరిగేదే.

ఎంసెట్ నుంచి నీట్ దాకా

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ 1983లో చట్టం వచ్చింది. ఆ తరువాత వైద్య సీట్లు చాలాకాలం రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఎంసెట్ ద్వారానే భర్తీ అయ్యాయి. ఎంసెట్ చివరి సంవత్సరాల్లో ర్యాంకు లెక్కలో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది. దేశమంతటికీ ఒకే పరీక్షగా నీట్‌ను తొలిసారి 2013 మే 5న నిర్వహించారు. అదే ఏడాది జూలై 18న సుప్రీంకోర్టు ధర్మాసనం ఇద్దరు ఒకవైపు, ఒకరు మరొకవైపుగా చీలి దాన్ని కొట్టివేసింది. 2016 ఏప్రిల్‌లో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును వెనక్కి తీసుకుంది.

ఆ ఒక్క ఏడాదికి ప్రభుత్వ కోటా సీట్లను సొంత పరీక్షతో నింపుకోవడానికి కేంద్రం ఆర్డినెన్సు ద్వారా రాష్ట్రాలకు వెసులుబాటు ఇచ్చింది. తెలంగాణలో ఆ వెసులుబాటు అచ్చిరాలేదు. 2016 జూలైలో జరిగిన ఎంసెట్-2 ప్రశ్నపత్రం లీకైంది. పరీక్ష రద్దయింది, సెప్టెంబరులో విద్యార్థులు ఎంసెట్-3 రాయవలసి వచ్చింది. 2017 నుంచి రెండు రాష్ట్రాలూ పూర్తిగా నీట్ కిందికి వచ్చాయి. ఎంసెట్ పేరులోని వైద్యం కూడా కాలక్రమంలో తొలగి అది ఈఏపీసెట్ అయింది. నీట్‌ను 2018 వరకు సీబీఎస్‌ఈ నిర్వహించగా, 2019 నుంచి జాతీయ పరీక్షల సంస్థ ఎన్‌టీఏ నిర్వహిస్తోంది. ఎయిమ్స్, జిప్‌మర్ విడి పరీక్షలు 2020లో ఇందులో కలిసిపోయాయి.

మనిషిని చూసి ఎంచుకునే పద్ధతిని అంత తేలిగ్గా వదులుకోని సంస్థలూ ఉన్నాయి. వేలూరులోని క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి సొంత పరీక్ష, ఇంటర్వ్యూల సంప్రదాయం ఉండేది. కేంద్రీకృత కౌన్సెలింగ్‌కు అభ్యంతరం చెబుతూ ఆ కళాశాల 2017లో వంద ఎంబీబీఎస్ సీట్లలో ఒక్కటి మాత్రమే నింపి మిగిలినవి ఖాళీగా ఉంచింది. మైనారిటీ సంస్థలకూ నీట్ వర్తిస్తుందని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తేల్చడంతో ఆ దారి మూసుకుపోయింది. పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాల మాత్రం నేటికీ నీట్ స్కోరుతో వడపోసి, ఆపై ప్రత్యేక పరీక్ష, ఇంటర్వ్యూ, వైద్య పరీక్ష జరిపి విద్యార్థులను తీసుకుంటుంది.

మార్కు, పర్సంటైల్, ర్యాంకు

ప్రస్తుత నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు, మూడు గంటల సమయం. జీవశాస్త్రానికి 90 ప్రశ్నలు, భౌతిక, రసాయన శాస్త్రాలకు చెరి 45. ఒప్పుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి కోత. తెలుగుతో కలిపి 13 భాషల్లో ప్రశ్నపత్రం ఉంటుంది. మార్కులు సమానమైనప్పుడు ముందు జీవశాస్త్రం, తరువాత రసాయన శాస్త్రం, ఆపై భౌతిక శాస్త్రం మార్కులు చూస్తారు. అప్పటికీ తేలకపోతే తప్పు జవాబుల నిష్పత్తి తక్కువగా ఉన్నవారిది పైచేయి. ఇంటర్ మార్కులకు ర్యాంకులో ఏ పాత్రా లేదు. భౌతిక, రసాయన, జీవశాస్త్రాల్లో కలిపి జనరల్ విద్యార్థికి 50 శాతం, రిజర్వుడు వర్గాలకు 40 శాతం ఉంటే చాలు. ప్రవేశ సంవత్సరం డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండాలి. గరిష్ఠ వయోపరిమితిని తొలగించారు.

ఎక్కువ కుటుంబాలు తడబడేది అర్హత అనే మాట దగ్గర. జనరల్ విద్యార్థి 50వ పర్సంటైల్‌లో, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులు 40వ పర్సంటైల్‌లో ఉంటే నీట్‌లో అర్హత సాధించినట్టే. 50వ పర్సంటైల్ అంటే 50 శాతం మార్కులు కావు, పరీక్ష రాసినవారిలో సగంమంది కంటే ముందుండటం. 2025లో 720కి 144 మార్కులు తెచ్చుకున్న జనరల్ విద్యార్థి కూడా అర్హుడే. ఆ ఏడాది 22 లక్షల మంది పరీక్ష రాయగా 12 లక్షల 36 వేల మంది అర్హులయ్యారు. దేశంలో ఎంబీబీఎస్ సీట్లు 2014లో 51 వేలకు పైగా ఉండేవి. 2025 నాటికి లక్షా 18 వేలకు చేరాయి. అంటే అర్హత పొందిన పదిమందిలో ఒకరికి మాత్రమే సీటు ఉంది. అందులోనూ దాదాపు సగం ప్రైవేటు సీట్లే. అర్హత కార్డు చూసుకుని సీటు వచ్చేసిందనుకోవడం ఏటా కనిపించే పొరపాటు.

పాత మార్కులతో పోలిక కూడా ఇలాగే మోసం చేస్తుంది. 2024లో మొదట ప్రకటించిన ఫలితాల్లో 67 మందికి 720కి 720 వచ్చాయి. కొందరికి ఇచ్చిన గ్రేసు మార్కుల రద్దు, ఒక భౌతికశాస్త్ర ప్రశ్న జవాబుపై సుప్రీంకోర్టు తీర్పు తరువాత ఆ సంఖ్య 17కు తగ్గింది. మరుసటి ఏడాది ప్రశ్నపత్రం కఠినంగా రావడంతో దేశంలో మొదటి ర్యాంకు మార్కులు 686 దగ్గర ఆగాయి. నిరుడు ఇన్ని మార్కులకు సీటు వచ్చిందన్న మాటకు విలువ లేదు, ఇంత ర్యాంకుకు వచ్చిందన్న మాటకు కొంత ఉంది.

సీట్లు ఎవరి చేతిలో

ప్రభుత్వ వైద్య కళాశాలల సీట్లలో 15 శాతం అఖిల భారత కోటాకు పోతాయి. దీనికి మూలం 1984లో ప్రదీప్ జైన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. నివాసం ఆధారంగా సీట్లన్నీ సొంత రాష్ట్రం వారికే ఉంచుకోకూడదని కోర్టు చెప్పింది. 1986లో ఆ బహిరంగ వాటాను మొత్తం సీట్లలో 15 శాతంగా సరిదిద్దింది. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద ప్రత్యేక ఏర్పాటు ఉన్నందువల్ల ఆంధ్రప్రదేశ్ మొదట్లో దీని బయటే ఉంది. నీట్ వచ్చాకే రెండు తెలుగు రాష్ట్రాలూ ఈ కోటాలో చేరాయి. రాష్ట్రం 15 శాతం సీట్లు వదులుకుంది, బదులుగా ఇక్కడి విద్యార్థికి దేశంలోని ప్రభుత్వ కళాశాలలన్నింటా ఆ కోటా తలుపు తెరుచుకుంది. ఈ కౌన్సెలింగ్‌ను ఢిల్లీలోని మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ నడుపుతుంది. మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌ల సీట్లు, డీమ్డ్ విశ్వవిద్యాలయాల సీట్లు మొత్తం దాని పరిధిలోనివే.

మిగిలిన 85 శాతాన్ని రాష్ట్రాలు భర్తీ చేస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం ఈ పని చేస్తాయి. ప్రైవేటు కళాశాలల్లోనూ సగం సీట్లు కన్వీనర్ కోటావే, వీటిని ఏ కేటగిరీ అంటారు. 35 శాతం మేనేజ్‌మెంట్ సీట్లు బీ కేటగిరీ, 15 శాతం ఎన్నారై సీట్లు సీ కేటగిరీ. ఎన్నారై వాటాకు 15 శాతం పరిమితి 2005లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఇనాందార్ తీర్పుతో వచ్చింది. మైనారిటీ కళాశాలల్లో ఈ నిష్పత్తులు వేరు.

మూడు రకాల సీట్లకూ నీట్ ర్యాంకే ప్రమాణం, విశ్వవిద్యాలయమే కౌన్సెలింగ్ జరుపుతుంది. తేడా ఫీజులో. తెలంగాణ ప్రైవేటు కళాశాలల్లో కన్వీనర్ సీటుకు ఏటా 60 వేల రూపాయలు కొన్నేళ్లుగా నడుస్తున్న ఫీజు. బీ కేటగిరీకి అది పది లక్షలు దాటుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో కన్వీనర్ సీటు 15 వేల చుట్టూ, బీ సీటు 12 లక్షలు, ఎన్నారై సీటు 36 లక్షలుగా ఉండి తరువాత పెరిగాయి. నాలుగున్నరేళ్ల చదువుకు ఏటా ఇంత కట్టగలిగినవారు తక్కువ కాబట్టి మేనేజ్‌మెంట్, ఎన్నారై కటాఫ్‌లు ఎంతో కిందికి జారుతాయి. ర్యాంకు ఆధారిత ఎంపిక అన్న మాట ఇక్కడ సగమే నిజం, కట్టగలిగినవారిలో ర్యాంకు అనడమే సబబు. 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలల్లో తెరిచిన కొత్త ప్రభుత్వ కళాశాలల్లోనూ సగం సీట్లను 12 లక్షలు, 20 లక్షల ఫీజుతో అమ్మకానికి పెట్టడం అందుకే పెద్ద వివాదమైంది.

స్థానికత

తెలుగు రాష్ట్రాల ప్రవేశాల్లో అన్నిటికంటే ఎక్కువ కేసులు నడిచింది స్థానికత మీదే. 1969 తెలంగాణ ఉద్యమం, 1972-73 జై ఆంధ్ర ఉద్యమాల తరువాత 32వ రాజ్యాంగ సవరణతో 371-డి అధికరణం వచ్చింది. దాని కింద 1974లో విద్యాసంస్థల ప్రవేశాలపై రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడింది. రాష్ట్రాన్ని ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల పేర మూడు స్థానిక ప్రాంతాలు చేసి, ప్రతి ప్రాంతంలోని కళాశాలల్లో 85 శాతం సీట్లు ఆ ప్రాంతం వారికి ఉంచారు. మిగతా 15 శాతం అన్‌రిజర్వుడు. అంటే అవి నాన్‌లోకల్ కోటా కావు, స్థానికులు కూడా ర్యాంకుతో పోటీపడే సీట్లు. రాయలసీమ నాలుగు జిల్లాలు, నెల్లూరు శ్రీ వేంకటేశ్వర ప్రాంతంలోకి, ఉత్తరాంధ్ర నుంచి ప్రకాశం వరకు ఆంధ్ర ప్రాంతంలోకి, తెలంగాణ మొత్తం ఉస్మానియా ప్రాంతంలోకి వచ్చాయి. రాష్ట్రస్థాయి సంస్థల్లో ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర ప్రాంతాలకు 42:36:22 నిష్పత్తి పెట్టారు.

వంద సీట్ల ప్రభుత్వ కళాశాలను తీసుకుంటే, 15 అఖిల భారత కోటాకు పోగా 85 మిగులుతాయి. అందులో 85 శాతం, అంటే 72 స్థానికులవి, 13 అన్‌రిజర్వుడు. ఈ లెక్క వల్లే విశాఖపట్నంలో సీటు రాని ర్యాంకుకు కర్నూలులో రావడం, కర్నూలులో రాని ర్యాంకుకు విశాఖలో రావడం, రెండూ సాధ్యం.

స్థానికుడెవరన్నది పుట్టుకనుబట్టి, తల్లిదండ్రుల సొంతూరినిబట్టి తేలదు, బడినిబట్టి తేలుతుంది. అర్హత పరీక్ష అయిన ఇంటర్ రెండో సంవత్సరంతో ముగిసే వరుస నాలుగేళ్లు ఏ ప్రాంతంలో చదివితే విద్యార్థి ఆ ప్రాంతం వాడు. అలా నాలుగేళ్లూ ఒకేచోట చదవకపోతే, 1974 ఉత్తర్వు ప్రకారం చివరి ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడ చదివారన్నది చూస్తారు. ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు అడిగేది ఇందుకే.

రాష్ట్ర విభజన చట్టంలోని 95వ సెక్షను ఉమ్మడి ప్రవేశాలను పదేళ్లకు మించకుండా కొనసాగించింది. ఆ గడువు 2024 జూన్ 2తో ముగిసింది. అంతకుముందే 2023 జూలైలో, విభజన తరువాత పుట్టిన కళాశాలల్లో కన్వీనర్ సీట్లన్నీ తెలంగాణ స్థానికులకేనని ఆ రాష్ట్ర ప్రభుత్వం 72వ నంబరు జీవో ఇచ్చింది. 2024 జూలైలో వచ్చిన 33వ నంబరు జీవో తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ వరకు నాలుగేళ్లూ రాష్ట్రంలోనే చదివి ఉండాలన్నది. హైదరాబాదు పిల్లలు ఇంటర్‌కు విజయవాడ కార్పొరేట్ కళాశాలలకు వెళ్లడం ఎన్నో ఏళ్ల అలవాటు. ఆ రెండేళ్లే ఇప్పుడు స్థానికతను పోగొట్టే రెండేళ్లయ్యాయి. శాశ్వత నివాసులకు ఆ నిబంధన వర్తించదని 2024 సెప్టెంబరులో హైకోర్టు తీర్పునిచ్చింది, అదే నెలలో సుప్రీంకోర్టు దానిపై స్టే ఇచ్చింది. 2025 సెప్టెంబరు 1న నాలుగేళ్ల నిబంధనను పూర్తిగా సమర్థించింది. బదిలీల మీద రాష్ట్రం బయట పనిచేసిన ప్రభుత్వోద్యోగుల వంటివారి పిల్లలకు మినహాయింపులున్నాయి, కోచింగ్ కోసం వెళ్లినవారికి లేవు. పీజీ వైద్య సీట్లలో నివాస రిజర్వేషను చెల్లదని 2025 జనవరిలో చెప్పింది కూడా సుప్రీంకోర్టే. ఎంబీబీఎస్‌కు మాత్రం కొంతమేర అది అనుమతించదగినదేనని కోర్టు వైఖరి.

రిజర్వేషన్ల లెక్క

అఖిల భారత కోటాలో ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5, ఓబీసీలకు 27, ఆర్థికంగా వెనుకబడినవారికి (ఈడబ్ల్యూఎస్) 10 శాతం సీట్లు. చివరి రెండూ 2021-22లో చేరాయి. రాష్ట్ర కోటాలో బీసీలకు రెండు రాష్ట్రాల్లోనూ 29 శాతం. అది ఏ-7, బీ-10, సీ-1, డీ-7, ఈ-4గా విడిపోతుంది. ఎస్సీలకు 15 శాతం. ఎస్టీలకు ఆంధ్రప్రదేశ్‌లో 6, తెలంగాణలో 2022 నుంచి 10. ఎస్సీ వర్గీకరణకు 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు అనుమతించాక 2025లో రెండు రాష్ట్రాలూ ఆ 15 శాతాన్ని మూడు గ్రూపులు చేశాయి. తెలంగాణలో 1, 9, 5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 1, 6.5, 7.5 శాతం. అందుచేత పాత ఎస్సీ కటాఫ్ ర్యాంకులు ఇప్పటి అంచనాకు పనికిరావు.

ఇవి నిలువు రిజర్వేషన్లు. మహిళలకు మూడో వంతు, దివ్యాంగులకు 5 శాతం వంటివి అడ్డంగా, ప్రతి వర్గం లోపలా వర్తిస్తాయి. ఒక వర్గానికి తొమ్మిది సీట్లుంటే మూడు మహిళలవి. ర్యాంకుతోనే నలుగురు అమ్మాయిలు వచ్చేస్తే కోటా నెరవేరినట్టే, అదనంగా మూడు చేర్చరు. దివ్యాంగుల విషయంలో 40 శాతం వైకల్యం ఉన్నంతమాత్రాన అనర్హులు కారనీ, చదవగల సామర్థ్యాన్ని పరీక్షించి చెప్పాలనీ 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఓపెన్ సీట్లు ఓసీ వర్గానివి కావు, అందరివీ. మంచి ర్యాంకు వచ్చిన బీసీ లేదా ఎస్సీ విద్యార్థికి ముందు ఓపెన్ సీటే వస్తుంది, కోటా లెక్కలోకి రాదు. చిక్కు ఆ తరువాత మొదలవుతుంది. బీసీ-డీ విద్యార్థికి ఓపెన్‌లో ఒంగోలులో సీటు వచ్చింది, కోటాలో చూస్తే గుంటూరు వస్తుంది అనుకుంటే, సహజంగానే ఆ విద్యార్థి గుంటూరు కోరుకుంటుంది. అలా వెళ్లినందుకు బీసీ-డీ కోటాలో ఒక సీటు ఖర్చయితే ఆ వర్గం నష్టపోతుంది. ఆమె వదిలిన ఒంగోలు ఓపెన్ సీటును అదే వర్గం విద్యార్థికి ఇస్తే వర్గం లెక్క సరిపోతుంది. 2001 జూలైలో వెలువడిన 550 నంబరు జీవో సారాంశం ఇదే. ఓపెన్ సీట్లు తగ్గిపోతున్నాయని ఒక వైపు, అమలు సరిగా లేక రిజర్వుడు వర్గాలు నష్టపోతున్నాయని మరో వైపు ఈ జీవో పదేపదే కోర్టుకెక్కింది. జీవో పేరు చెబితే రెండు పక్షాలూ కోపగించుకుంటాయి గానీ, దాని తర్కం న్యాయమైనదే. మెరిట్ ఉన్న రిజర్వుడు విద్యార్థి తనకంటే తక్కువ ర్యాంకు వారికంటే అధ్వాన్నమైన కళాశాలలో చేరవలసి రాకూడదన్నది సుప్రీంకోర్టు 1996లోనే ఒప్పుకున్న సూత్రం.

ఆప్షన్లు, విడతలు

కేటాయింపు ప్రోగ్రాము ర్యాంకుల వరుసలో పైనుంచి కిందికి వస్తుంది. ఒక్కో విద్యార్థి ఆప్షన్లను మొదటి నుంచి చదువుతూ, ఆ విద్యార్థికి అర్హత ఉన్న సీటు ఎక్కడ ఖాళీగా కనబడితే అక్కడ ఆగుతుంది. ఈ పద్ధతిలో నిజమైన ఇష్టాన్ని దాచడం వల్ల లాభం ఏమీ లేదు. రాదనుకున్న కళాశాలను ముందు రాస్తే దిగువ ఆప్షను చేజారదు. వచ్చే కళాశాలను ముందు రాసుకుంటే మాత్రం మంచిది వచ్చే అవకాశం ఆ విడతకు పోతుంది. చేరే ఉద్దేశం లేని కళాశాలను ఆప్షన్లలో పెట్టకపోవడం, చేరదలచుకున్న ఒక్కదాన్నీ వదలకపోవడం, ఈ రెండు నియమాలు చాలు. పదిహేను ఆప్షన్లు ఇచ్చి సీటు రాలేదని, పదహారో కళాశాలలో తనకంటే వెనుక ర్యాంకుకు వచ్చిందని వాపోయేవారు ప్రతి ఏడాదీ ఉంటారు.

అఖిల భారత కౌన్సెలింగ్‌లో మూడు విడతలు, ఆపై మిగిలిన సీట్లకు స్ట్రే వేకెన్సీ విడత ఉంటాయి. మొదటి విడతలో వచ్చిన సీటును డిపాజిట్ పోకుండా వదులుకోవచ్చు. రెండో విడత నుంచి నిబంధనలు బిగుసుకుంటాయి. అప్‌గ్రేడ్ కోరుకున్నవారికి కొత్త సీటు రాగానే పాతది తనంతట తానే రద్దవుతుంది, వెనక్కి తిరిగి రాదు. చేరినవారి వివరాలు కేంద్రం, రాష్ట్రాలు పంచుకుంటాయి కనుక రెండుచోట్లా సీటు అట్టిపెట్టుకోవడం కుదరదు. పైర్యాంకు విద్యార్థి అఖిల భారత కోటాకో ఎయిమ్స్‌కో మారిన ప్రతిసారీ రాష్ట్రంలో ఒక సీటు ఖాళీ అవుతుంది. అందుకే రాష్ట్రంలో చివరి విడత కటాఫ్ మొదటి విడత కంటే కిందికి దిగుతుంది, మొదటి జాబితా చూసి ఆశ వదులుకోవడం తొందరపాటు.

పత్రాల దగ్గర పోయే సీట్లూ ఉన్నాయి. అఖిల భారత కోటాకు కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం కావాలి, రాష్ట్ర బీసీ పత్రం చెల్లదు. రాష్ట్ర బీసీ జాబితాలోని ప్రతి కులమూ కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండదు. ఆ కులాల విద్యార్థి విజయవాడలో బీసీ, ఢిల్లీ లెక్కలో జనరల్. ఈడబ్ల్యూఎస్ పత్రం ఆ ఆర్థిక సంవత్సరానిదై ఉండాలి. దరఖాస్తులో తప్పు వర్గం నమోదు చేస్తే తరువాత సరిచేసుకునే వీలు చాలా తక్కువ.

జాబితా చదవడం

సీటు రాని విద్యార్థికి విశ్వవిద్యాలయం కారణం చెబుతూ ఉత్తరం రాయదు. ప్రతి విడత తరువాత కళాశాలవారీ కేటాయింపు జాబితా మాత్రం ప్రచురిస్తుంది. అందులో ర్యాంకు, వర్గం, స్థానిక ప్రాంతం, ఏ కోటా కింద సీటు వచ్చిందీ ఉంటాయి. తన ప్రాంతం, తన వర్గంలో ఒక కళాశాలకు చివరగా పడిన ర్యాంకు తనకంటే ముందుంటే లోపం ర్యాంకుదే. చివరి ర్యాంకు తనకంటే వెనుక ఉంటే తప్పు మరెక్కడో ఉంది. ఆ కళాశాలను ఆప్షనుగా ఇవ్వలేదు, లేదా స్థానికత, వర్గం నమోదు తేడాగా ఉంది, లేదా ఆ సీటు మహిళా, క్రీడా, ఎన్‌సీసీ కోటాలోనిది. మొదట ప్రాథమిక మెరిట్ జాబితా వచ్చినప్పుడే అభ్యంతరాలు తెలపడానికి గడువిస్తారు. సీట్లు నిండాక హైకోర్టుకు వెళ్లినవారికి తీర్పు అనుకూలంగా వచ్చినా సీటు మిగిలి ఉండటం అరుదు.

ఏ కోటాలోనూ సీటు రానివారికి దంత వైద్యం, ఆయుర్వేదం, హోమియోపతి సీట్లు కూడా నీట్ ర్యాంకుతోనే భర్తీ అవుతాయి. విదేశాల్లో ఎంబీబీఎస్ చదివి ఇక్కడ ప్రాక్టీసు చేయదలచినా నీట్‌లో అర్హత తప్పనిసరి. దేశంలోని సీటుకు ఆ ఏడాది స్కోరే చెల్లుతుంది, విదేశీ చదువుకు మాత్రం మూడేళ్లపాటు పనికొస్తుంది.